ఇంగ్లండ్‌లో షేర్డ్ హౌస్: గది అద్దెకు తీసుకోవడం నుంచి వంటగది పంచుకోవడం దాకా సమగ్ర మార్గదర్శి

చదువుకో ఉద్యోగానికో ఇంగ్లండ్ వెళ్తున్నవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు రెండు. గదికి డబ్బు ఎంత, ఎప్పుడు కట్టాలి? పోపు వేసిన ప్రతిసారీ అలారం మోగి ఇంట్లోవాళ్లతో మాట పడాల్సి వస్తోంది, ఏం చేయాలి? మొదటిదాని గురించి పదిమందిని అడిగేవాళ్లు కూడా రెండోదాన్ని దిగాక చూసుకుందాంలే అని వదిలేస్తారు. కానీ దిగాక చేయగలిగేది తక్కువ. గదిలో మంచం నచ్చకపోతే జరుపుకోవచ్చు. కిటికీ తెరుచుకోని వంటగదిని ఏమీ చేయలేం. అందుకే ఇల్లు చూసేటప్పుడు వంటగదే ముందు చూడమంటాను.

కింద చెప్పిన అద్దె నియమాలు ఇంగ్లండ్‌వి మాత్రమే. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో చట్టాలు వేరు.

1. ఎవరి దగ్గర అద్దెకు ఉంటున్నారో ముందు తేల్చుకోండి

"షేర్డ్ హౌస్‌లో రూమ్" అనే మాట వెనక నాలుగు రకాల ఏర్పాట్లు ఉంటాయి. మీకుండే హక్కులు రకాన్ని బట్టి మారిపోతాయి.

*గదికి విడి ఒప్పందం.* ఓనర్ వేరేచోట ఉంటారు, మీ గదికి మీరే సంతకం పెడతారు. పక్క గదివాళ్లు అద్దె ఎగ్గొట్టినా మీకు సంబంధం ఉండదు. ఒంటరిగా వెళ్లేవాళ్లకు ఇదే మంచిది.

*జాయింట్ టెనన్సీ.* ఇల్లు మొత్తానికి అందరూ కలిసి సంతకం పెడతారు. ఒకరు అద్దె కట్టకపోతే ఓనర్ ఆ బాకీని మిగతావాళ్లలో ఎవరి దగ్గరైనా వసూలు చేయవచ్చు. ఎవరో పగలగొట్టిన హాబ్‌కు (పొయ్యికి) కోత కూడా ఉమ్మడి డిపాజిట్‌లోంచే పడుతుంది. బాగా తెలిసినవాళ్లతో తప్ప దీనికి ఒప్పుకోకండి.

*లాడ్జర్.* ఓనర్ కుటుంబం ఉండే ఇంట్లోనే గది, వాళ్లదే వంటగది. ఇక్కడ మీ డిపాజిట్‌కు చట్టపరమైన స్కీమ్ రక్షణ ఉండదు. మిమ్మల్ని ఖాళీ చేయించడానికి సమంజసమైన నోటీసు చాలు, కోర్టు దాకా వెళ్లనక్కర్లేదు. వంట వేళల విషయంలోనూ వాళ్ల మాటే చెల్లుతుంది. కొందరు ఓనర్లు ఎంతో ఆదరంగా చూసుకుంటారు. అయినా రోజూ రెండు పూటలా వండుకునేవాళ్లు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

*సబ్‌లెట్.* ఇల్లు తీసుకున్న వ్యక్తి ఓనర్‌కు చెప్పకుండా మరికొందరిని పెట్టుకోవడం. వాట్సాప్ గ్రూపుల్లో "షేరింగ్ రూమ్, బిల్స్ ఇన్‌క్లూడెడ్" అని కనిపించేవాటిలో ఈ రకమూ ఉంటుంది. మనవాడే కదా, మన భాషే కదా అని కాగితం అడగరు. మీ పేరు ఎక్కడా ఉండదు కాబట్టి అడ్రస్ ప్రూఫ్ రాదు, డిపాజిట్‌కు దిక్కుండదు, ఓనర్‌కు తెలిసిన రోజున అందరూ బయటికే. మొదటి రెండు వారాలు తలదాచుకోవడానికైతే సరే, ఏడాదికి కాదు.

2. ఇల్లు చూడకముందే సిద్ధం చేసుకోవాల్సినవి

పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లకు గది ఇచ్చే ముందు ఓనర్ మీ వీసా స్థితిని తనిఖీ చేయాలి. దీన్ని రైట్ టు రెంట్ చెక్ అంటారు. ఈవీసా (ఆన్‌లైన్‌లో ఉండే వీసా) ఉన్నవాళ్లు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా షేర్ కోడ్ తీసుకుని, దాన్ని పుట్టిన తేదీతో కలిపి ఇస్తే చాలు. ఆ కోడ్ 90 రోజులు పనిచేస్తుంది. ఉద్యోగానికి తీసుకునే కోడ్ వేరు, అద్దెకు తీసుకునేది వేరు. అద్దె కోడ్ ఆర్ అక్షరంతో మొదలవుతుంది.

చేతిలో ఉంచుకోండి:

- పాస్‌పోర్ట్, అద్దె కోసం తీసుకున్న షేర్ కోడ్
- యూనివర్సిటీ లెటర్ లేదా ఉద్యోగ ఆఫర్ లెటర్
- ఇటీవలి బ్యాంక్ స్టేట్‌మెంట్లు
- గ్యారంటర్ (మీరు అద్దె కట్టకపోతే తాను కడతానని హామీ ఇచ్చే మనిషి) వివరాలు

చివరిది దగ్గరే చాలామంది ఇరుక్కుంటారు. యూకేలో ఉండే గ్యారంటరే కావాలని ఏజెంట్లు అడుగుతుంటారు. అలా ఎవరూ లేకపోతే మీ యూనివర్సిటీ గ్యారంటర్ సదుపాయం ఇస్తుందేమో ముందే అకామడేషన్ ఆఫీసును అడగండి. దూరపు బంధువును ఇబ్బంది పెట్టడం కన్నా అది నయం.

3. ఇల్లు చూసేటప్పుడు: వంటగదిలో పావుగంట

వీలైతే సాయంత్రం ఏడు గంటల ప్రాంతంలో వెళ్లండి. అప్పుడే అందరూ వండుకుంటారు. పొద్దున పదకొండింటికి మెరిసిపోయే వంటగది ఏడింటికి ఎలా ఉంటుందో, పొయ్యి కోసం ఎంతమంది నిలబడి ఉంటారో కళ్లతో చూస్తారు.

*ఎగ్జాస్ట్.* హాబ్ పైనున్న, పొగను లాగే హుడ్ ఆన్ చేసి, జల్లెడకు ఒక టిష్యూ కాగితం ఆనించండి. అతుక్కుని నిలబడితే గాలి లాగుతున్నట్టు. తర్వాత ఆ గాలి ఎటు పోతుందో అడగండి. గొట్టం గోడలోంచి బయటికి వెళ్తే మంచిది. లేకపోతే అది గాలిని ఫిల్టర్ గుండా తిప్పి మళ్లీ గదిలోకే వదిలే రకం. దాని కార్బన్ ఫిల్టర్ ఎన్నాళ్లుగా మార్చలేదో దేవుడికే తెలియాలి.

*కిటికీ.* చూస్తే సరిపోదు, తెరవండి. రంగు వేసి బిగుసుకుపోయిన కిటికీలు చాలా ఇళ్లలో ఉంటాయి.

*అలారం.* వంటగది పైకప్పుకు ఉన్నది హీట్ అలారమా, స్మోక్ అలారమా అని అడగండి. హీట్ అలారం వేడికి మోగుతుంది, పొగకు కాదు. మన వంటకు అదే కావాలి. బయట హాల్లో స్మోక్ అలారం ఎంత దూరంలో ఉందో, వంటగది తలుపు దానంతట అదే పూర్తిగా మూసుకుంటుందో లేదో చూడండి. ఈ తలుపు ఎంత ముఖ్యమో 7వ భాగంలో చెప్తాను.

*పొయ్యి రకం.* ఇండక్షన్ అయితే ఇక్కడి నుంచి తీసుకెళ్లే అల్యూమినియం కుక్కర్ పనిచేయదు. గిన్నె అడుగుకు అయస్కాంతం అంటుకుంటేనే ఇండక్షన్‌పై వేడెక్కుతుంది. సూట్‌కేసు సర్దేలోపే ఇది తెలిస్తే మూడు కిలోల బరువు తగ్గుతుంది.

*మనుషులు.* ఒక హాబ్, ఒక ఫ్రిజ్‌ను అయిదుగురికి మించి వాడుకుంటుంటే ఆ ఇల్లు వద్దనే నా సలహా. అద్దె ఎంత తక్కువైనా సరే.

పైవాటితో పాటు ఇవీ చూసుకోండి:

- ఫ్రిజ్‌లో మీకొక అర, ఫ్రీజర్‌లో ఒక సొరుగు ఇస్తారా
- తాళం వేసుకోగల అల్మరా ఉందా
- ఫైర్ బ్లాంకెట్ (మంటపై కప్పి ఆర్పే దుప్పటి) గోడకు ఉందా
- సింకు కింద తేమ, గోడ మూలల్లో బూజు ఉన్నాయా
- ప్రస్తుతం ఉంటున్నవాళ్లు రోజూ వండుకుంటారా, బయట తింటారా

"నేను రోజూ మసాలా దినుసులతో వండుతాను, ఎవరికైనా ఇబ్బందా?" అని అక్కడే అడిగేయండి. సంకోచం వద్దు. ఇష్టం లేని ఇల్లు అప్పుడే తెలిసిపోతుంది. మధ్యలో ఒక మాట: కూర వాసన వస్తుందన్న సాకుతో ఫలానా వర్ణంవాళ్లకు ఇళ్లు ఇవ్వొద్దని తన ఏజెంట్‌కు చెప్పిన ఓనర్ విధానం చట్టవిరుద్ధమని 2017లో మెయిడ్‌స్టోన్ కౌంటీ కోర్టు తేల్చింది. పుట్టుకను బట్టి గది నిరాకరించడం ఒకటి, వంటగదిని శుభ్రంగా ఉంచమనడం ఇంకొకటి. రెండోదానికి మీరు నొచ్చుకోనక్కర్లేదు.

ఇల్లు గురించి మరో పరీక్ష. వేర్వేరు కుటుంబాలకు చెందిన అయిదుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది వంటగదినో బాత్‌రూమ్‌నో పంచుకుంటుంటే ఆ ఇంటికి హెచ్‌ఎంఓ (పలు కుటుంబాలవాళ్లు పంచుకునే ఇల్లు) లైసెన్స్ తప్పనిసరి. కొన్ని కౌన్సిళ్లు (స్థానిక ప్రభుత్వ సంస్థలు) అంతకన్నా చిన్న ఇళ్లకూ అడుగుతాయి. లైసెన్స్ ఉన్న ఇళ్ల జాబితా కౌన్సిల్ దగ్గర ఎవరైనా చూడవచ్చు. అలాంటి ఇంట్లో ఒక్కరు పడుకునే గది కనీసం 6.51 చదరపు మీటర్లు, ఇద్దరిదైతే 10.22 ఉండాలి. సామాన్లు పెట్టుకునే చిన్న బాక్స్ రూమ్‌ను సింగిల్ రూమ్ అని చూపిస్తే టేపు తీయండి.

4. డబ్బు: ఏది ఎంత, ఏ వరుసలో

ఓనర్ ఇంట్లో ఉండని మామూలు అద్దెకు ఇదీ వరుస.

మొదట హోల్డింగ్ డిపాజిట్, అంటే గదిని మీకోసం ఆపి ఉంచడానికి కట్టేది. ఒక వారం అద్దెకు మించకూడదు. మామూలుగా 15 రోజుల్లో ఒప్పందం తేలాలి. తప్పుడు వివరాలు ఇచ్చినా, మీరే వెనక్కి తగ్గినా ఇది పోవచ్చు. కాబట్టి ఒకేసారి మూడు ఇళ్లకు కట్టకండి.

తర్వాత డిపాజిట్. అయిదు వారాల అద్దెకు మించకూడదు. నెల అద్దెను 12తో హెచ్చించి, 52తో భాగించి, 5తో హెచ్చిస్తే గరిష్ఠ మొత్తం వస్తుంది. నెలకు 600 పౌండ్లయితే డిపాజిట్ 692 పౌండ్ల 30 పెన్స్ దాటకూడదు. ఓనర్ దాన్ని 30 రోజుల్లో డిపాజిట్ ప్రొటెక్షన్ సర్వీస్, మైడిపాజిట్స్, టెనన్సీ డిపాజిట్ స్కీమ్ అనే మూడింటిలో ఒకదానిలో నమోదు చేసి, ఆ వివరాలు మీకు ఇవ్వాలి. ఇవ్వకపోతే మీరే ఆ మూడు వెబ్‌సైట్లలో వెతుక్కోవచ్చు. నమోదు చేయని ఓనర్‌పై కోర్టు డిపాజిట్‌కు ఒకటి నుంచి మూడు రెట్ల దాకా జరిమానా వేసి మీకు ఇప్పించగలదు.

ఆపైన మొదటి నెల అద్దె. గ్యారంటర్ లేరని ఆరు నెలల అద్దె ముందే అడిగే అలవాటు మనవాళ్లకు బాగా తెలుసు. 2026 మే 1 నుంచి కుదిరే ఒప్పందాల్లో అది కుదరదు. సంతకాలు కాకముందు అద్దె అడగకూడదు, అయ్యాక దిగేలోపు ఒక నెలకు మించి తీసుకోకూడదు. అప్పటి నుంచి ఇల్లు వదలాలంటే మామూలుగా రెండు నెలల నోటీసు ఇవ్వాలి. లాడ్జర్లకు, గుర్తింపు పొందిన పెద్ద స్టూడెంట్ బిల్డింగులకు మాత్రం ఇవి వర్తించవు.

రెఫరెన్స్ ఫీజు, అడ్మిన్ ఫీజు, ఒప్పందం ఫీజు అంటూ విడిగా వసూలు చేయడం 2019 నుంచి నిషేధం. తాళంచెవి పోగొడితే దాని ఖర్చు మాత్రం మీదే.

కౌన్సిల్ టాక్స్ (ఇంటి మీద కౌన్సిల్ వేసే పన్ను) సంగతి కూడా ముందే మాట్లాడుకోండి. ఇంట్లో అందరూ ఫుల్‌టైమ్ విద్యార్థులైతే మినహాయింపు ఉంటుంది. కోర్సు అయిపోయి గ్రాడ్యుయేట్ వీసాలోకి మారిన ఒక్కరు ఉన్నా ఆ మినహాయింపు పోయి ఇంటికి బిల్లు వస్తుంది. గదులు విడివిడిగా ఇచ్చే ఇళ్లలో సాధారణంగా ఓనరే కట్టాలి. అయినా "బిల్స్ ఇన్‌క్లూడెడ్" అన్న మాటలో ఏమేం ఉన్నాయో రాయించుకోండి.

డబ్బు పంపే ముందు:

- గది మీరో, నమ్మకమైన మనిషో స్వయంగా చూశారా
- ఖాతా పేరు, ఒప్పందంలో పేరు ఒకటేనా
- ఇల్లు ఎవరి పేరున ఉందో ల్యాండ్ రిజిస్ట్రీలో 7 పౌండ్లు కట్టి చూశారా
- "విదేశంలో ఉన్నాను, డబ్బు పంపితే తాళాలు కొరియర్ చేస్తాను" అన్నారా? అయితే అక్కడితో ఆపేయండి

5. దిగిన రోజు: సామాను విప్పకముందే

సూట్‌కేసు తెరిస్తే ఇక ఫోటోలు తీయబుద్ధి కాదు. గది నాలుగు మూలలు, పరుపు రెండు వైపులా తీసి, తర్వాత వంటగదికి రండి. హాబ్, ఓవెన్ లోపల, ఫ్రిజ్ రబ్బరు, హుడ్ జల్లెడ, కౌంటర్ మీది మరకలు అన్నీ తీయండి. ఆ పసుపు మరక మీరు రాకముందే ఉందని రేపు చెప్పుకోవాల్సి వస్తుంది. ఫోటోలన్నీ అదే రోజు ఓనర్‌కో ఏజెంట్‌కో ఈమెయిల్ చేయండి. ఇన్వెంటరీ (ఇంట్లోని వస్తువుల జాబితా) కాగితం ఇస్తే తేడాలు రాశాకే సంతకం పెట్టండి.

కరెంటు, గ్యాస్ మీటర్ రీడింగులు కూడా తీయండి. టాప్‌అప్ చేసే ప్రీపేమెంట్ మీటర్ అయితే పాతవాళ్ల బాకీ అందులో ఉందేమో కంపెనీకి ఫోన్ చేసి కనుక్కోండి. లేకపోతే మీరు వేసే డబ్బులో కొంత వాళ్ల అప్పుకే పోతుంది.

గ్యాస్ ఉన్న ఇంటికి ఆ ఏడాది గ్యాస్ సేఫ్టీ సర్టిఫికెట్ ఉండాలి, ప్రతి అంతస్తులో స్మోక్ అలారం ఉండాలి. గ్యాస్ వాసన వస్తే 0800 111 999కు ఫోన్ చేయాలి. ఈ నంబర్ ఇప్పుడే సేవ్ చేసుకోండి.

6. మొదటి వారం: వంటగది మాట కుదుర్చుకోవడం

గొడవ వచ్చాక పెట్టుకునే నియమాలు ఎవరో ఒకరిని వేలెత్తి చూపినట్టే ఉంటాయి. మొదటి వారంలో అడిగితే మామూలు ప్రశ్నలా ఉంటుంది. ఇంటి గ్రూపులో అడగాల్సినవి ఇవి:

- ఎవరు ఏ వేళకు వండుకుంటారు, రాత్రి ఎన్ని గంటల తర్వాత శబ్దం వద్దు
- ఫ్రిజ్‌లో ఎవరి అర ఏది
- ఉప్పు, నూనె, గిన్నెలు తోమే లిక్విడ్ ఉమ్మడా, విడివిడా
- తోమాల్సిన గిన్నెలు ఎంతసేపు ఉండొచ్చు
- హాబ్, నేల, చెత్త డబ్బాలు ఏ వారం ఎవరివి

నూనె, ఉప్పు విడిగా ఉంచుకోవడమే సుఖం. లిక్విడ్, చెత్త సంచులు ఉమ్మడిగా కొనవచ్చు.

కుక్కర్ గురించి విడిగా చెప్పండి. విజిల్ ఎప్పుడూ వినని మనిషి మొదటిసారి వింటే ఏదో పేలబోతోందని పరుగెత్తుతాడు. "ఇది మూడుసార్లు కూస్తుంది, భయం లేదు" అని ముందే చెప్తే అది నవ్వుకునే విషయం అవుతుంది. రాత్రి పదకొండింటికి పప్పు మాత్రం పెట్టకండి.

శాకాహారులు ఉమ్మడి గిన్నెల మీద ఆధారపడొద్దు. సొంత మూకుడు, గరిటె, కత్తి, కోసే పలక, ముఖ్యంగా గిన్నెలు తోమే స్పాంజ్ కొనుక్కుని గదిలో పెట్టుకోండి. స్పాంజ్ సంగతి చాలామందికి తట్టదు.

7. అలారం మోగకుండా పోపు వేయడం

అలారం మోగడానికి ప్రధాన కారణం వంట కాదు, తెరిచి ఉన్న తలుపు. గాలి ఆడుతుందని వంటగది తలుపుకు ఏదో అడ్డం పెడతారు. పొగ నేరుగా హాల్లోని స్మోక్ అలారానికి చేరుతుంది. పైగా అది మంటలు పాకకుండా ఆపే ఫైర్ డోర్. ఈ వరుస పాటించండి:

1. తలుపు మూయండి, కిటికీ తెరవండి.
2. హుడ్‌ను పొయ్యి వెలిగించడానికి అయిదు నిమిషాల ముందే ఫుల్ స్పీడ్‌లో పెట్టండి.
3. వెనక బర్నర్ వాడండి. పొగ హుడ్ కిందే లేస్తుంది.
4. మధ్యస్థ మంట చాలు. నూనె పొగలు రాకముందే ఆవాలు వేయండి.
5. ఆవాలు చిటపటమనగానే మూత అడ్డం పెట్టి మంట తీసేయండి. జీలకర్ర, ఎండుమిరప, కరివేపాకు, ఇంగువ ఆ మిగిలిన వేడికే వేగుతాయి. అందరినీ దగ్గించేది మాడిన ఎండుమిరపే.
6. గాజు పలకలా ఉండే సెరామిక్ హాబ్ ఆపినా వేడి తగ్గదు. మూకుడును పక్కకు తీయాల్సిందే.
7. వంటయ్యాక ఇంకో పావుగంట హుడ్ తిరగనివ్వండి.

వారానికి సరిపడా పోపు ఒకేసారి వేసి సీసాలో పెట్టుకునేవాళ్లున్నారు. రుచి కాస్త తగ్గుతుంది, ఇంటి శాంతి పెరుగుతుంది.

అయినా మోగితే హాలు తలుపు తెరవకండి. మంట ఆపి, కిటికీ పూర్తిగా తెరిచి, టవల్‌తో గాలిని బయటికి విసరండి. అలారానికి ప్లాస్టిక్ కవర్ తొడగడం, బ్యాటరీ తీయడం ఎంత చిరాకులోనూ వద్దు. అది రాత్రి పడుకున్న అందరి ప్రాణాలతో ఆడుకోవడం. పదేపదే మోగుతుంటే హీట్ అలారం పెట్టించమని ఓనర్‌కు ఈమెయిల్ చేయండి.

నూనె అంటుకుంటే నీళ్లు పోయకూడదు, మూకుడును కదపకూడదు. చేయి చేరితే పొయ్యి ఆపండి. లేకపోతే తలుపు మూసి అందరినీ బయటికి పంపి అత్యవసర నంబర్ 999కు ఫోన్ చేయండి.

వాసన అంటకుండా ఉండాలంటే వండేముందు మీ గది తలుపు మూయండి, కోటు వంటగది పక్క హాల్లో తగిలించకండి. గదిలోనే రైస్ కుక్కర్ పెట్టుకుంటే సరిపోదా అనుకోవద్దు. చాలా ఒప్పందాల్లో అది నిషేధం, ఆవిరికి గదిలోని అలారం మోగుతుంది, గోడకు బూజు పడుతుంది.

8. ఫ్రిజ్, అన్నం

ఫ్రిజ్ 5 డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువలో ఉండాలి. పచ్చి మాంసం మూతపెట్టి అన్నింటికన్నా కింది అరలో పెట్టాలి.

ఆదివారం వండి వారమంతా తినే పద్ధతిలో కూరలను ఫ్రీజ్ చేసుకోవచ్చు. ఫ్రిజ్‌లో మాత్రం రెండు రోజులు దాటించకండి. అన్నంతో ఇంకా జాగ్రత్త అవసరం. బియ్యంలో ఉండే ఒక బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. బయట వదిలేసిన అన్నంలో అవి పెరిగి విషం తయారుచేస్తాయి, మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. గంటలోపు చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి, 24 గంటల్లో తినేయండి. పళ్లెంలో పరిస్తే త్వరగా చల్లారుతుంది.

డబ్బాల మీద పేరు, తేదీ రాయండి. ప్యాకెట్ మీద "యూజ్ బై" దాటితే పారేయాలి. "బెస్ట్ బిఫోర్" దాటితే నాణ్యత తగ్గుతుంది, అంతే.

9. సింకు, మరకలు, ప్లగ్గులు

వేయించిన నూనె సింకులో పోయకండి. చల్లారాక సీసాలో పోసి చెత్తలో వేయండి. పసుపు పడిన కౌంటర్‌ను ఆ నిమిషంలోనే తుడవాలి. మరక పడిన ప్లాస్టిక్ డబ్బాలు ఎండలో పెడితే చాలావరకు పోతుంది, ఎండ దొరికితే.

ఇక్కడి మిక్సీ వోల్టేజీకి అక్కడ ఇబ్బంది లేదు, ప్లగ్గు ఆకారమే వేరు. 13 ఆంపియర్ల ఎక్స్‌టెన్షన్ మొత్తం మీద సుమారు 3000 వాట్లే మోస్తుంది. ఒక్క కెటిల్‌తోనే అది నిండిపోవచ్చు, పక్కన రైస్ కుక్కర్ పెట్టకండి.

10. మాట తేడా వస్తే

మొదట మనిషితో, విడిగా, వంటగదిలో కాకుండా మాట్లాడండి. గ్రూపులో ఫోటో పెట్టి "ఇది ఎవరిది?" అని అడగడం అన్నింటికన్నా చెడ్డ పద్ధతి. అడిగేది ఒక్కటే ఉండాలి: "రాత్రి గిన్నెలు పొద్దున్నకల్లా తోమేస్తావా?" నెల రోజుల జాబితా విప్పకండి. మీ పాలు ఎవరో వాడితే మొదటిసారి వదిలేయండి, రెండోసారి అడగండి.

పాడైన ఫ్రిజ్, పనిచేయని హుడ్ లాంటివి ఓనర్‌కు ఈమెయిల్‌లోనే చెప్పండి. ఫోన్‌లో చెప్పినా తర్వాత రెండు ముక్కలు రాసి పంపండి. స్పందన లేకపోతే కౌన్సిల్ హౌసింగ్ విభాగానికి వెళ్లవచ్చు. సిటిజన్స్ అడ్వైస్, షెల్టర్ సంస్థలు ఉచితంగా సలహా ఇస్తాయి.

11. ఖాళీ చేసేటప్పుడు

నోటీసు రాతపూర్వకంగా ఇవ్వండి. జాయింట్ టెనన్సీలో నెలనెలా సాగే ఒప్పందమైతే ఒక్కరు నోటీసు ఇచ్చినా మొత్తం ఒప్పందం ముగుస్తుంది. మిగతావాళ్లకు ముందే చెప్పాలి.

చివరి వారం పని:

- ఓవెన్, హుడ్ జల్లెడ జిడ్డు పోయేలా కడగడం
- ఫ్రీజర్‌లో మీ సొరుగు ఖాళీ చేయడం
- దిగిన రోజు తీసిన కోణాల్లోనే మళ్లీ ఫోటోలు
- మీటర్ రీడింగులు
- తాళాలు ఇచ్చినట్టు ఈమెయిల్

మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు కోత వేయకూడదు. ప్రొఫెషనల్ క్లీనింగ్ చేయించి తీరాలని డబ్బు అడగకూడదు. దిగినప్పుడు ఎంత శుభ్రంగా ఉందో అంత శుభ్రంగా ఇస్తే చాలు. కోత ఎంతో ఇద్దరూ ఒప్పుకున్న 10 రోజుల్లో మిగతా డబ్బు రావాలి. ఒప్పుకోకపోతే స్కీమ్ వాళ్ల ఉచిత పరిష్కార సేవకు వెళ్లండి, అక్కడ మీ రెండు విడతల ఫోటోలే సాక్ష్యం. ఇండియాకు వచ్చేస్తున్నవాళ్లు డిపాజిట్ చేతికి వచ్చేదాకా అక్కడి బ్యాంక్ ఖాతా మూయకండి, స్కీమ్‌లో ఇచ్చిన ఈమెయిల్‌ను వాడుకలోనే ఉంచండి.